విమానంలో సెల్‌ఫోను: ఒక సహోదరి అడిగిన ప్రశ్నలు



వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం మెదక్ దగ్గరి ఒక పల్లె నుండి పెద్ద వయసు సహోదరి ఒకరు సికింద్రాబాదులోని మా ఇంటికి వచ్చారు. ఆమె కూతురు అమెరికాలో డల్లాస్ పట్టణంలో ఉంటుంది. నెలలు నిండుతున్నాయి. పురుడు పోయడానికి తల్లి వెళ్ళాలి. టికెట్ వచ్చింది, వీసా వచ్చింది, ఆవకాయ జాడీకి మూత బిగించడం కూడా అయిపోయింది. దోహాలో విమానం మారాలి. తోడు ఎవరూ లేరు. ఆమెకు అదే మొదటి విమాన ప్రయాణం.

మంచినీళ్ళు తాగి కాసేపు ఊరి సంగతులు మాట్లాడాక, చీర కొంగులో చుట్టుకున్న ఫోను తీసి బల్ల మీద పెట్టారు. "అయ్యా, విమానంల ఫోను బంద్ చెయ్యకుంటే విమానం పడిపోతదంట గదా? బంద్ చేస్తెనేమో నా బిడ్డ నంబరు, మందుల ఫొటోలు అన్నీ పోతయేమో. నేనేం చెయ్యాలె?" అన్నారు.

మాకు మొదట నవ్వు వచ్చింది. కాని ఆమె నవ్వలేదు. ఆమె టికెట్టు అందులోనే ఉంది. కూతురి చిరునామా అందులోనే ఉంది. బి.పి. మాత్రల చీటీ అందులోనే ఫొటోగా ఉంది. ఇంగ్లీషు చదవలేని మనిషికి ఏడు సముద్రాల అవతల చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆధారం ఆ ఫోను. దాన్ని ఆపమంటే భయపడరా మరి? పైగా ఆమె ప్రశ్నకు మేమూ సరిగా జవాబు చెప్పలేకపోయాం. "అందరూ ఆపుతారమ్మా, మీరూ ఆపండి" అన్నాం. అది జవాబు కాదు. అందుచేత ఆ తర్వాత కొన్ని దినాలు ఈ విషయమై చదివి, తెలిసినవారిని అడిగి, తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాం. ఈనాడు మన సంఘాలలో గల్ఫులోనో, అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఒక్క బిడ్డైనా లేని పల్లె అరుదు గనుక, ఇది చాలామందికి పనికి వస్తుందని మా ఆశ.

సికింద్రాబాదు వాళ్ళకు విమానం కొత్త కాదు. బేగంపేట విమానాశ్రయం ఉన్నన్నాళ్ళూ అవి మన ఇళ్ళ మీదుగానే దిగేవి. ఆదివారం ఆరాధనలో విమానం వస్తే అయ్యగారు వాక్యం మధ్యలో ఒక్క నిమిషం ఆగి, అది దాటిపోయాక మళ్ళీ అందుకునేవారు. పిల్లలు కిటికీ వైపు చూసేవారు, తల్లులు గిల్లేవారు. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాదుకు మారిపోయాయి. ఆ రోజు నుండి మన ప్రసంగాలకు అడ్డు తగ్గింది. (ప్రసంగాల నిడివి మాత్రం తగ్గలేదు.)

సెల్‌ఫోను మన దేశానికి వచ్చింది 1995లో. ఆ ఏడు జూలై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడినదే మొదటి కాల్. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా అయ్యేది. వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాలి. అంత ఖరీదైన వస్తువును చేతిలో పట్టుకుని విమానమెక్కేవారే కొద్దిమంది. వారికి అప్పుడు ఒకటే మాట: పూర్తిగా ఆపివేయండి. మన పల్లెల దాకా చేరిన భయం ఆనాటిదే. నియమం మారి ఏళ్ళయినా భయం మాత్రం అలాగే నిలిచి ఉంది.

ఆ నియమం ఎందుకు పెట్టారో చెప్పాలంటే మన గుడిలోని మైకు సెట్టును గుర్తు చేయాలి. పాత రకం సెల్‌ఫోనును మైకు దగ్గరో, యాంప్లిఫయర్ మీదో పెడితే, కాల్ రాబోయే ముందు స్పీకర్‌లో 'టిక్ టికి టిక్ టికి' అని ఒక రొద వచ్చేది, జ్ఞాపకం ఉందా? ఫోను టవర్‌తో మాట్లాడే రేడియో తరంగాలు మైకు తీగల్లోకి చొరబడడం వల్ల వచ్చే రొద అది. విమానంలో పైలట్ చెవులకు కూడా హెడ్‌ఫోన్లు ఉంటాయి. కింద నుండి కంట్రోలు వారు చెప్పే మాట ఆయన వాటిలోనే వినాలి. 'ఇంత ఎత్తుకు దిగు', 'ఆగు', 'ఇంకొక విమానం వస్తోంది' అన్న మాటల మధ్య ఆ టిక్ టిక్ మోగితే ఎలా ఉంటుందో ఊహించండి. విమానం కూలదు గాని, ఒక మాట సరిగా వినబడకపోవచ్చు. విమానం దారి చూపించే పరికరాలు కూడా రేడియో తరంగాల మీదే పనిచేస్తాయి. వాటికీ చిన్న చిన్న అడ్డంకులు కలగవచ్చన్నది నిపుణుల శంక.

రెండవ కారణం మనలో చాలామందికి తెలియదు. అమెరికా ప్రభుత్వపు ప్రసార సంస్థ 1991లోనే ఆకాశంలో సెల్‌ఫోను వాడకాన్ని నిషేధించింది. అది ముఖ్యంగా విమానం కోసం కాదు, కింద ఉన్న టవర్ల కోసం. నేల మీద మన ఫోను దగ్గరలో ఉన్న ఒకటి రెండు టవర్లకే కనిపిస్తుంది. పది కిలోమీటర్ల ఎత్తుకు పోతే, కొండెక్కి కేక వేసినవాడి గొంతు పది ఊళ్ళకు వినబడినట్టు, ఎన్నో టవర్లకు ఒక్కసారే తగులుతుంది. విమానం గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా పోతూ ఉంటుంది గనుక ఏ టవరూ దాన్ని పట్టుకోలేదు. ఫోను మాత్రం ఆశ వదలక, ఉన్న బలమంతా పెట్టి వెదుకుతూనే ఉంటుంది. బ్యాటరీ అలా ఊరికే అయిపోతుంది. ఆపకుండా పెట్టుకున్నవారి ఫోను దిగేసరికి చచ్చిపోయి ఉండడానికి అదొక కారణం.

ఇంతకూ ఫోను వల్ల విమానం కూలిందా? 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో విమానం కూలి 72 మంది చనిపోయినప్పుడు, ఒక ప్రయాణికుడు చివరి నిమిషం దాకా ఫోనులో వీడియో ప్రసారం చేస్తూ ఉండడం చూసి, 'ఫోను వల్లే' అని మన వీధుల్లో కూడా అనుకున్నారు. అది నిజం కాదు. విచారణలో తేలింది వేరు: పైలట్లు దిగే సమయంలో ఒక లివరుకు బదులు ఇంకొకటి కదిపారు, ప్రొపెల్లర్లకు తోపుడు బలం పోయింది. అయితే ఎన్నడూ అనుమానం రాలేదని కూడా చెప్పలేం. 2003 జూన్‌లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ దగ్గర ఒక చిన్న విమానం దిగబోతూ నేలను తాకి, పైలట్‌తో సహా 8 మంది చనిపోయారు. ఆ సమయంలో పైలట్ సొంత సెల్‌ఫోను కాల్‌లో ఉంది. దాని వల్ల పరికరం తప్పు చూపి ఉండవచ్చునన్న మాటను విచారణ చేసినవారు తోసిపుచ్చలేదు, రుజువైందనీ అనలేదు. మా సహోదరికి మేము చెప్పింది ఇదే: "అమ్మా, మీ ఒక్క ఫోను వల్ల విమానం పడదు. కాని పైలట్ దించే వేళ ఆయన చెవిలో, ఆయన పరికరాల్లో ఏ రొదా ఉండకూడదు. అంతే."

నియమాల సంగతికి వద్దాం. మన దేశంలో 1937 నాటి విమాన నియమాలలో 29-బి అనే నియమం విమానం లోపల చేతి ఎలక్ట్రానిక్ వస్తువుల వాడకాన్ని నిషేధిస్తూ వచ్చింది. అమెరికా 2013 అక్టోబరులో, యూరప్ అదే ఏడు డిసెంబరులో సడలింపు ఇచ్చాక, మన పౌర విమానయాన శాఖకు చెందిన డి.జి.సి.ఏ. కూడా 2014 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. ఫోను 'ఫ్లైట్ మోడ్'లో ఉంటే, విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు కూడా దాన్ని వాడుకోవచ్చు. పూర్తిగా ఆపనక్కరలేదు. 2018 డిసెంబరులో ఇంకొక మెట్టు ఎక్కారు. మూడు వేల మీటర్ల ఎత్తు దాటాక, విమానంలో తగిన ఏర్పాటు ఉంటే, ఫోను, ఇంటర్నెట్ సేవలు ఇవ్వవచ్చని నియమాలు చేశారు. 2020 మార్చిలో, ఫ్లైట్ మోడ్‌లో ఉన్న ఫోనుకు విమానంలోని వైఫై వాడుకోవడానికి పైలట్ అనుమతి ఇవ్వవచ్చని చేర్చారు. ఎయిర్ ఇండియా 2025 జనవరి 1 నుండి దేశం లోపల తిరిగే తన కొన్ని విమానాలలో వైఫై మొదలుపెట్టింది.

'ఆకాశంలో ఫోను ఏ దేశంలోనూ పనిచేయదు' అనే మాట కూడా ఇప్పుడు నిజం కాదు. 2008 మార్చి 20న దుబాయి నుండి మొరాకో దేశపు కాసాబ్లాంకాకు పోతున్న ఎమిరేట్స్ విమానంలో ప్రయాణికులు తమ సొంత సెల్‌ఫోన్లతో మాట్లాడారు. మన బేగంపేట మూతపడడానికి మూడు దినాల ముందు సంగతి ఇది! అటువంటి విమానంలో ఒక చిన్న టవరే ఉంటుంది. ఫోను గట్టిగా అరవనక్కర లేకుండా, పక్కనే ఉన్న ఆ చిన్న టవరుతో మెల్లగా మాట్లాడుతుంది. అది ఉపగ్రహం ద్వారా నేలకు పంపిస్తుంది. అయితే ఖర్చు ఎక్కువ. తెలియక ఆ నెట్‌వర్క్ అంటుకుంటే ఇంటికి వచ్చాక బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి. ఫ్లైట్ మోడ్ పెట్టుకుంటే ఆ బాధ కూడా ఉండదు. అమెరికాలో మాత్రం 1991 నాటి నిషేధం ఎత్తివేయాలని 2013లో ఆలోచన చేసి, 2020లో ఆ ఆలోచననే విరమించుకున్నారు. విమాన సిబ్బందే వద్దన్నారు. కారణం రేడియో తరంగాలు కాదు, మనుషుల నోళ్ళు! మూడు వందల మంది మూసిన గదిలో పది గంటలు కూర్చుని ఎవరి ఫోను వారు మాట్లాడితే గొడవలు ఎవరు తీరుస్తారని వారి ప్రశ్న.

ఇప్పుడు ఫ్లైట్ మోడ్ అంటే ఏమిటో మా సహోదరికి చెప్పినట్టే చెబుతాం. ఫోను తెర పైనుండి వేలితో కిందికి లాగితే చిన్న చిన్న బొమ్మలు కనబడతాయి. వాటిలో విమానం బొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని ఒకసారి నొక్కితే వెలుగుతుంది. అంతే, ఫోను టవర్లతో మాట్లాడడం మానేస్తుంది. నంబర్లు ఎక్కడికీ పోవు. ఫొటోలు పోవు. దాచుకున్న పాటలు వినవచ్చు, ఎక్కించుకున్న బైబిలు చదువుకోవచ్చు, టార్చి వేసుకోవచ్చు. దిగాక మళ్ళీ ఆ బొమ్మనే నొక్కితే వెలుగు ఆరిపోతుంది, ఫోను మామూలుగా అవుతుంది. ఆమె మా ముందే పదిసార్లు నొక్కి చూసుకున్నారు. పదకొండోసారి నవ్వారు.

ఫ్లైట్ మోడ్ ఆపలేనిది ఒకటుంది. అది మేము సిగ్గుపడుతూ నేర్చుకున్నాం.

కొన్నేళ్ళ క్రితం దుబాయిలో బంధువుల ఇంట్లో కొద్ది దినాలు గడిపి తిరిగి వస్తున్నాం. అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానం. నిండా మనవాళ్ళే. రెండేళ్ళకో మూడేళ్ళకో ఇంటికి పోతున్న పనివారు, ఒళ్ళంతా అలసట. పెట్టింది తిని, దీపాలు ఆర్పగానే అందరూ నిద్రపోయారు. మేము బుద్ధిగా ఫ్లైట్ మోడ్ పెట్టి, ఫోనును చేతిసంచిలో వేసి, సంచిని తల పైన అరలో పెట్టాం. తెల్లవారుజాము ప్రార్థనకు నాలుగున్నరకు పెట్టుకున్న అలారం సంగతి మరచిపోయాం. అది మోగింది. ఒక కీర్తన రాగం, పూర్తి శబ్దంతో. సరిగ్గా అప్పుడే విమానం కుదుపుల్లో ఉంది, బెల్టు దీపం వెలుగుతోంది, లేవడానికి వీల్లేదు. అది ఒక నిమిషం మోగి ఆగింది. అయిదు నిమిషాలకు మళ్ళీ మొదలుపెట్టింది. ముందు వరుసలో పసిబిడ్డ ఏడవసాగింది. వెనుక నుండి ఎవరో "ఎవరిదిరా బాబూ అది" అన్నారు. మేము మాది కానట్టు కూర్చున్నాం. అవును, అలాగే కూర్చున్నాం, దాచడం ఎందుకు? మూడోసారి మోగేలోపు ఎయిర్‌హోస్టెస్ తానే పట్టుకుని పట్టుకుని నడిచి వచ్చి, అర తెరిచి సంచి మా ఒడిలో పెట్టింది. ఆ రాగమంటే మాకు ఎంతో ఇష్టం. ఆ తెల్లవారుజామున మాత్రం ఎవరికీ ఇష్టం కాలేదు. అలారం విడిగా ఆపాలి, ఫోను దగ్గరే పెట్టుకోవాలి.

దగ్గర పెట్టుకోవడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. అది నిప్పు. మన ఫోన్లలో, పవర్ బ్యాంకుల్లో ఉండే లిథియం బ్యాటరీ దెబ్బ తిన్నా, నలిగినా, నాసిరకమైనా తనంతట తానే వేడెక్కి మండుతుంది. 2016లో శాంసంగ్ నోట్ 7 అనే ఫోను ఇలాగే మండుతుంటే విమానాల్లో దాన్ని నిషేధించారు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బూసాన్ నగరంలో ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానంలో, తల పైన సామాను అరలో నిప్పు పుట్టి విమానమే కాలిపోయింది. అందులో ఉన్న 176 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. పవర్ బ్యాంకే కారణమై ఉండవచ్చని తేల్చారు. ఆ తర్వాత సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ 1 నుండి, ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుండి విమానంలో పవర్ బ్యాంకు వాడకాన్నే నిషేధించాయి. గల్ఫుకు పోయే మన పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి. పవర్ బ్యాంకును పెద్ద పెట్టెలో వేసి లగేజీలో ఇవ్వకూడదు, కింద అరలో నిప్పు పుడితే ఆర్పడానికి చేయి అందదు. చేతిసంచిలోనే తేవాలి. నూరు వాట్ అవర్ల లోపు ఉండాలి, అంటే మామూలు లెక్కలో సుమారు 27,000 ఎం.ఏ.హెచ్. దాని మీదే వ్రాసి ఉంటుంది. అక్షరాలు అరిగిపోయి కనబడకపోతే తనిఖీ దగ్గర తీసి పారవేయవచ్చు, కాబట్టి అటువంటిది ఇంట్లోనే ఉంచండి.

ఫోను చేయి జారి సీటు సందులో పడితే? మనం వెంటనే సీటును వెనక్కూ ముందుకూ కదిపి వెదుకుతాం. వద్దు. ఆ ఇనుప కీళ్ళ మధ్య ఫోను నలిగితే బ్యాటరీ మండవచ్చు. కదలకుండా కూర్చుని సిబ్బందిని పిలవాలి. తీసి ఇవ్వడం వారికి అలవాటే. ఫోను చేతిలో కాలుతున్నట్టు అనిపించినా సిగ్గుపడి దాచుకోక వెంటనే చెప్పాలి.

ఫొటోల విషయంలో కొద్దిగా. విమానంలో ప్రయాణికులు ఫొటోలు, వీడియోలు తీసుకోవచ్చని, అయితే విమాన భద్రతకు అడ్డు తగిలేలాగా, గందరగోళం పుట్టించేలాగా తీయరాదని డి.జి.సి.ఏ. 2020 సెప్టెంబరులో స్పష్టం చేసింది. సైన్యం చేతిలో ఉన్న విమానాశ్రయాల్లో మాత్రం కెమెరా తీయకూడదు. మన విశాఖపట్నంలో నౌకాదళపు స్థావరం ఐ.ఎన్.ఎస్. డేగా ఉన్నదీ అందుకే గుర్తుంచుకోవాలి. అక్కడ కిటికీలోంచి వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టే కుర్రవాడికి అది సరదా కావచ్చు గాని, తర్వాత పోలీసుల ప్రశ్నలకు జవాబు చెప్పేది తండ్రి. పక్కన నిద్రపోతున్న వారి ముఖాలను, పాలిస్తున్న తల్లులను తీయరాదని వేరే చెప్పాలా? చెప్పవలసి వస్తోంది.

ఇక శబ్దం. సినిమాలు, క్రికెట్టు పెద్దగా పెట్టేవారిని మనం విసుక్కుంటాం. కాని ప్రసంగాలు, పాటలు స్పీకర్‌లో పెట్టుకుని 'పక్కవారికీ మేలే కదా' అనుకునేవారు మనలోనే ఉన్నారు. పక్కవారు లేచి పోలేరు, మూసిన తలుపులవి. వినాలని కోరని వారి చెవిలో పోసినది సువార్త అనిపించుకోదని మా అభిప్రాయం. నూరు రూపాయలకు ఇయర్‌ఫోన్లు సికింద్రాబాదు స్టేషను ముందే దొరుకుతాయి. విమానంలో వైఫై ఉన్నా మాట్లాడే కాల్స్‌ను చాలా సంస్థలు ఒప్పుకోవు. సిబ్బంది 'ఆపండి' అంటే వాదించకూడదు. 2017 నుండి మన దేశంలో విమానంలో దురుసుగా ప్రవర్తించిన వారిని మాటల తగాదాకు మూడు నెలల దాకా, చేయి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణహాని కలిగించేదైతే రెండేళ్ళు, ఆ పైన కూడా విమానమెక్కకుండా నిషేధించవచ్చు.

మా అలారం మోగిన ఆ విమానంలోనే మా పక్క సీటులో జగిత్యాల వైపు యువకుడొకడు ఉన్నాడు. అందరూ మమ్మల్ని విసుక్కున్నా అతడు ఏమీ అనలేదు. అతడు నిద్రపోయి ఉంటే కదా! తెల్లవారుతుండగా మెల్లగా అడిగాడు: "సార్, ఫోన్ ఎప్పుడు ఆన్ చెయ్యొచ్చు?" ఎందుకని అడిగాం. "మా అమ్మకు బాగలేదు సార్. కరీంనగర్ దవాఖానల ఉన్నది. నేను ఎక్కేటప్పుడు ఐ.సి.యు.ల ఏసిన్రు." మూడున్నర గంటలుగా అతడికి ఏ కబురూ లేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఆ విమానం బొమ్మను చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారి నొక్కి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. అతడు నొక్కలేదు.

శంషాబాదులో చక్రాలు నేలకు తగిలాయో లేదో, అప్పుడే నలువైపులా ఫోన్లు మోగడం మొదలైంది. నియమం అది కాదు. విమానం రన్‌వే వదిలి పక్కదారికి మళ్ళి, సిబ్బంది ప్రకటించాకనే ఫోను తెరవాలి. అతడు ఆ ప్రకటన దాకా ఆగి తెరిచాడు. నెట్‌వర్క్ లేదు! ఇండియా సిమ్ రెండేళ్ళుగా రీచార్జి లేక ఆగిపోయి ఉంది. దుబాయి సిమ్‌కు ఇక్కడ రోమింగ్ పెట్టుకోలేదు. అతడి చేతులు వణకడం చూసి మా ఫోను ఇచ్చాం. తమ్ముడి నంబరు అతడికి నోటికి వచ్చు, అదే దేవుని దయ.

కాల్ కలిసింది గాని మాట వినబడదు. ముందు ఒకరు "దిగినం, దిగినం, ఆటో కాదు కారే తే" అని కేకలు. వెనుక ఒకరు స్పీకర్‌లో బిడ్డతో ముద్దులు. ఎవరిదీ తప్పుడు ఉద్దేశం కాదు, ఇల్లు చేరిన సంతోషం. అతడు ఒక చెవి మూసుకుని, తల సీట్ల మధ్యకు వంచి, "ఏందిరా? ఏమన్నవ్? మళ్ళ చెప్పు" అని అడుగుతున్నాడు. మేము లేచి ముందున్న పెద్దాయన భుజం తట్టి చేయి చూపించాం. ఆయన వెనక్కు తిరిగి ఆ కుర్రవాడి ముఖం చూశాడు. ఏమీ అడగలేదు. "మళ్ళ చేస్త" అని తన ఫోను పెట్టేసి, తన వెనుకవారికీ తానే సైగ చేశాడు. ఒక అర నిమిషం ఆ నాలుగు వరుసలూ నిశ్శబ్దమయ్యాయి.

"వార్డుకు మార్చిన్రంట సార్" అన్నాడతడు ఫోను తిరిగి ఇస్తూ. "గంజి తాగిందంట."

ఆ పెద్దాయన, అతడి పెట్టె తానే కిందికి దించి ఇచ్చాడు.

అందుకే బిడ్డలు తిరిగి వచ్చే ముందు వారి ఇండియా సిమ్‌కు ఇక్కడి నుండే రీచార్జి చేయించండి. నూటికో రెండు నూర్లకో అయ్యే పని. దాని విలువ ఆ అర నిమిషంలో తెలుస్తుంది.

మా మెదక్ సహోదరికి ప్రయాణానికి ముందు మేము చేసిన సహాయం ఒక్కటే. ఫోనులో ఉన్నదంతా ఒక కాగితం మీదకు ఎక్కించాం. కూతురి పేరు, ఇంటి చిరునామా, అల్లుడి నంబరు, మందుల పేర్లు, దోహాలో విమానం మారాలన్న మాట, అన్నీ పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో. ఇంకొక నకలు తీసి చేతిసంచిలో పెట్టాం. మొదటిదాన్ని ఆమె తన బైబిలులో పెట్టుకున్నారు. సికింద్రాబాదు నుండి పుష్పక్ బస్సులో శంషాబాదు దాకా వెళ్ళి దిగబెట్టి వచ్చాం. లోపలికి పోతూ వెనక్కు తిరిగి, వేలితో గాలిలో విమానం బొమ్మ నొక్కినట్టు చూపించారు.

రెండు దినాల తర్వాత డల్లాస్ నుండి కూతురు మాట్లాడింది. దోహాలో ఎవరో తెలుగు కుర్రవాడు కనబడి సరైన గేటు చూపించాడట. డల్లాస్‌లో విమానం వేళకే దిగిందట. కాని తల్లి ఫోను మోగదు! కూతురూ అల్లుడూ బయట గంటకు పైగా నిలబడి ప్రయత్నిస్తూనే ఉన్నారు. లోపల ఈమె, ఫోను చేతిలో పట్టుకుని, "నా బిడ్డ ఎందుకు చేస్తలేదు" అని బెంచీ మీద కూర్చుని ఉన్నారు. చివరికి విమానాశ్రయంలో పనిచేసే ఒకామె ఈమె ముఖం చూసి దగ్గరకు వస్తే, బైబిలు తెరిచి కాగితం చూపించారట. ఆమె తన ఫోనులోనుండి అల్లుడికి కలిపింది.

ఇంటికి వెళ్ళాక ఫోను తీసి చూస్తే, విమానం బొమ్మ ఇంకా వెలుగుతూనే ఉందట.